ఏడు వందల ఎనభై మీటర్లు

విద్యాశాఖ నుంచి వచ్చిన కాగితం చదవడం ముగించి మార్త టీచరు కళ్లజోడు తీసేసరికి బడి వరండాలో అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. మూలన గోడకానుకుని కూర్చున్న పర్వతాలు ఒక్కడే నోరు మెదపలేదు. బడి పోతుందన్న దిగులు అతనికీ ఉంది. మనవరాలు స్వరూప ఇక్కడే రెండో తరగతి చదువుతోంది. కానీ ఆ కాగితంలోని అంకె ఒకటి చెప్పులో దూరిన రాయిలా అతన్ని సతాయిస్తోంది.

“టీచరమ్మా, గదొక్కటి మల్ల సదువుండ్రి. ఎంత దూరమని రాసిన్రు?”

“ఏడు వందల ఎనభై మీటర్లండి,” అంది మార్త. “రైలు లైనుకి అవతల ఉన్న గోదాముల బస్తీ బడి మనకి ఏడు వందల ఎనభై మీటర్ల దూరంలోనే ఉందట. అందుకని మన ముప్ఫై ఒక్క మంది పిల్లల్నీ తీసుకెళ్లి అందులో కలిపేస్తారట. కిలోమీటరు దాటితే మాత్రం కలపకూడదు, రూలు అలా ఉంది.”

“ఎనిమిది వందలని రాయలె?”

“లేదండీ. ఏడు వందల ఎనభై అనే ఉంది.”

పర్వతాలు గడ్డం గోక్కున్నాడు. ముప్ఫై మూడేళ్లు రైల్వేలో కీమ్యాన్‌గా చేసి దిగినవాడతను. రోజూ తెల్లవారకముందే సుత్తె, స్పానరు, ఎర్రజెండా భుజానేసుకుని లైను వెంట ఆరు కిలోమీటర్లు నడవడం, పట్టాను దాని కింద అడ్డంగా ఉండే స్లీపరు దిమ్మెకు పట్టి ఉంచే ఇనప కీలలో వదులైనదాన్ని కొట్టి బిగించడం అతని పని. మామూలు జనం దూరం ఎలా చెబుతారో అతనికి బాగా తెలుసు. గీడనే అంటారు, పది నిమిషాల తొవ్వ అంటారు, ఒక బీడీ కాల్చేంత అంటారు. నాలుగక్షరాలు వచ్చినవాడైతే ఎనిమిది వందలంటాడు. ఏడు వందల ఎనభై అన్నవాడు మాత్రం కొలిచిన వాడే అయి ఉండాలి. ఎవడు కొలిచాడు? దేంతో కొలిచాడు? ఏ దారిన పోయాడు?

“ఏ ఆఫీసరో ఫ్యాను కింద కూసుని రాసిండు,” అంది బాలమ్మ. తెల్లవారుజామున మోండా మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చి, బస్తీలో బండి మీద అమ్ముతుందామె. ఆమె చిన్న కొడుకు నాలుగో తరగతి. “గా రాసినోని చేతులిరగ! గోదాముల బస్తీ గీడనే ఉందా? గా లారీల నడుమ పిల్లలెట్ల పోతరు?”

“గుడ్డోడన్న అయ్యుండాలె, గాడిదన్న అయ్యుండాలె,” అన్నాడు పర్వతాలు. అందరూ నవ్వారు.

మార్త నవ్వలేదు. ఆమెది ఒంగోలు దగ్గర ఊరు. రైల్వే గుమాస్తాను పెళ్లాడి నలభై ఏళ్ల కిందట వచ్చి, ఒక మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఇప్పుడు చర్చిలో స్త్రీల సమాజాన్ని నడుపుతోంది. బస్తీ బడిలో ఉన్న ఒక్క పంతులమ్మా సర్కారు జీతగత్తె కనక నోరు విప్పలేదు. అందుకని పిలవని పేరంటంలా ఈ పని మార్త నెత్తిన పడింది. ఆమె హాజరు పిలిచినట్టుగా ఒక్కొక్కరికీ పని పంచింది. సంతకాలకు పైగల్లీ వాళ్లు, కిందిగల్లీ వాళ్లు. మండల విద్యాధికారి సోమవారం స్వయంగా వస్తున్నాడు కాబట్టి ఆ రోజు తల్లులందరినీ పనులు మాన్పించి తీసుకొచ్చే బాధ్యత బాలమ్మది.

“దూరం కొలిచే పని మీదండీ, పర్వతాలు గారూ. మన లెక్క కిలోమీటరు దాటితేనే మనకి బడి. దాటకపోతే నేనెన్ని సంతకాలు పట్టుకెళ్లినా చిత్తుకాగితాలే.”

“దాటుతది టీచరమ్మా,” అన్నాడు పర్వతాలు. “నాకు గది కాదు పరేషాన్. గీ ఏడు వందల ఎనభై యాడికెల్లి పుట్టింది?”

మర్నాడు పొద్దున్నే సైకిలు బయటికి తీశాడు. రెండు చక్రాలకూ గాలి నిండా కొట్టించాడు, ఎందుకంటే గాలి తగ్గితే చక్రం కుంగుతుంది, చక్రం కుంగితే లెక్క కుంగుతుంది. తారురోడ్డు మీద సుద్దతో గీత గీసి, చక్రం మీద ఒక గుర్తు పెట్టి, ఒక్క చుట్టు తిప్పి రెండో గీత గీశాడు. మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన టేపు పరిచి కొలిచాడు. రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. నమ్మకం చాలక ఇంకో రెండుసార్లు కొలిచాడు. అప్పుడు పుల్లకు ఎర్రగుడ్డ పీలిక కట్టి, సైకిలు చేత్తో పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాడు.

లెక్కపెట్టడానికి బాలమ్మ వచ్చింది. గుడ్డ పీలిక నేలకు తగిలినప్పుడల్లా ఒకటి. వంద కాగానే కొంగున ఒక చింతగింజ. ఆమె నోటిలెక్కలో దిట్ట. అరకిలో బెండకాయ, పావు పచ్చిమిర్చి, కరివేపాకు ఊరికే అనే బేరాల మధ్య పెరిగిన బుర్ర అది.

మొదటిసారి రెండు వందల పదిహేను దగ్గర లెక్క పోయింది. ఎదురింటి విశాలాక్షమ్మ గోడ మీంచి తొంగి చూసి, “బాలమ్మా, ఇయ్యాల టమాట ఎట్లిచ్చినవ్?” అని అడగడం, ఈమె అలవాటుగా ధర చెప్పడం ఒక్క క్షణంలో జరిగిపోయాయి. పర్వతాలు సైకిలు వెనక్కి తిప్పి మళ్లీ బడి గేటు దగ్గరికి నడిచాడు.

“అన్నా, రెండొందల పదిహేనో పదహారో అనుకుని ముంగటికి పోదాం.”

“పదిహేనో పదహారో అంటే రైలు పట్టా దిగుతది,” అన్నాడతను.

రెండోసారి బాలమ్మ ఎవరు పలకరించినా చేత్తోనే సైగ చేసింది. గల్లీ దాటి మెయిన్ రోడ్డు ఎక్కారు. “పంక్చరైందా తాతా?” అని ఆటో వాడొకడు అడిగాడు. అండర్‌బ్రిడ్జి దగ్గర గోదాముల నుంచి వచ్చే లారీలు రెండు ఎదురెదురుగా ఇరుక్కుపోయి పావుగంట ఆపేశాయి. వానాకాలం నీళ్లు అక్కడ మోకాలి దాకా వస్తాయి. పర్వతాలు సైకిలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని, లారీ చక్రం పక్కనున్న సందు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆరేళ్ల పిల్ల పట్టేటంత సందు, అంతే.

గోదాముల బస్తీ బడి గేటు దగ్గరికి వచ్చేసరికి బాలమ్మ కొంగులో ఏడు గింజలున్నాయి, నోట్లో యాభై ఉంది. ఏడు వందల యాభై చుట్లు. పర్వతాలు గేటుకానుకుని మనసులో గుణించాడు.

“వెయ్యిన్ని ఆరు వందల యాభై.”

“అంటే?”

“కిలోమీటరున్నర మీద ఇంకా నూటయాభై.”

బాలమ్మ రెండు చేతులూ పైకెత్తి, గేటు అవతలి పిల్లలు ఉలిక్కిపడేలా కేక పెట్టింది. “గెలిచినమన్నా! గా ఆఫీసర్ మొఖాన కొడదాం!”

పర్వతాలు ముఖంలో మాత్రం గెలిచిన కళ లేదు. “మరి ఏడు వందల ఎనభై?”

“ఏందన్నా నీ లొల్లి! మన లెక్క మనకు దొరికింది. ఆని లెక్క ఆడు జూసుకుంటడు.”

“అంకె ఊకె పుట్టదు బాలమ్మా. ఏదో తొవ్వ ఉంటది దానికి.”

బాలమ్మ బండి తెరవాలని వెళ్లిపోయింది. అతను సాయంత్రం దాకా ఆ తొవ్వ కోసం తిరిగాడు. స్టేషను కాలివంతెన మీంచి సైకిలు భుజానేసుకుని ఎక్కి దిగి చూస్తే అది అండర్‌బ్రిడ్జి దారి కన్నా ఎక్కువ తేలింది. గోదాముల వెనక గల్లీ పోను పోను గోడకు తగిలి ఆగిపోయింది. రాత్రి అన్నం తింటూ కూడా వేలితో పళ్లెంలో గీతలు గీస్తుంటే భార్య విమలమ్మ, “అన్నం తిను, అన్నంల బాటలేసుడు ఆపు,” అని కసిరింది.

శనివారం తెల్లవారుజామున అలవాటు ప్రకారమే మెలకువ వచ్చింది. రిటైరై మూడేళ్లైనా అతని కళ్లు ఇంకా డ్యూటీ దిగలేదు. లేచి బడి వెనక్కి నడిచాడు. అక్కడ లైను గోడ కూలి మనిషి పట్టేంత సందుంది. దాంట్లోంచి దూరి కంకర మీద కాలు పెట్టాడు. అడుగు కింద కంకర నలిగిన చప్పుడు వింటే పుట్టింటికి వచ్చినట్టయింది. ఎవరైనా చూస్తే, “నీకేం పని తాతా ఈడ?” అని అడుగుతారని తెలిసీ, స్లీపర్ల మీద నాలుగడుగులు వేశాడు. ఇంకో నాలుగు వేశాడు.

లెక్కపెట్టాలని అనుకోలేదు. కాళ్లే లెక్కపెట్టుకున్నాయి. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య అరవై సెంటీమీటర్లు. అది అతను చదివి నేర్చుకున్నది కాదు, మోకాళ్లకు తెలిసినది. వంద, రెండు వందలు, మోరీ మీద నాలుగు వందల పది. సిగ్నల్ స్తంభం దగ్గర తొమ్మిది వందలు. పట్టాలు దాటి అవతలి పక్కకు వచ్చి, గోదాముల బస్తీ బడి వెనకగోడ ఎదుట కాలు ఆగేసరికి సరిగ్గా పదమూడు వందలు.

పదమూడు వందల అరవైలు. ఏడు వందల ఎనభై మీటర్లు.

మొదట గెలిచిన సంతోషమే కలిగింది. దొరికింది! పోగొట్టుకున్న తాళం చెవి దొరికినట్టు నవ్వుకున్నాడు కూడా. లైను వెంట కొలిచాడన్నమాట, దొంగ! అయితే రైల్వేవాడే అయి ఉండాలి. ఈ ఆరు కిలోమీటర్ల బీటులో స్లీపర్ల లెక్క తెలిసినవాడు ఎవడున్నాడు? పాత కీమ్యాన్ ఎల్లయ్య పోయాడు. కొత్తవాడికి ఇంకా స్తంభాల నంబర్లే రావు. ఇంక మిగిలింది...

నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. పర్వతాలు వెనక్కి నడిచి మోరీ గట్టు మీద కూలబడ్డాడు.

మొన్న ఏప్రిల్ ఆఖర్లో ఒక మధ్యాహ్నం, స్టేషను పక్క చాయ్ హోటల్లో. భుజాన గుడ్డసంచి, చేతిలో ఫైలు, చెమటతో తడిసిన చొక్కా ఉన్న ఒక నడివయసు మనిషి పక్క బల్ల మీద కూర్చున్నాడు. విద్యాశాఖ పని మీద తిరుగుతున్నానన్నాడు. ఈ బస్తీ బడికీ ఆ బస్తీ బడికీ ఎంత దూరం ఉంటుంది పెద్దాయనా అని అడిగాడు. హోటల్ వాడు, “గీడనే సార్, పక్కపొంటే,” అన్నాడు. అది విని పర్వతాలుకు ఒళ్లు మండింది. పక్కపొంటే అనేదీ ఒక దూరమేనా? చాయ్ సాసరు కింద పెట్టి, గొంతు సవరించుకుని, హోటలంతా వినేలా చెప్పాడు. “ఏడు వందల ఎనభై మీటర్లు రాసుకో సారు. ముప్ఫై మూడేండ్లు నడిచిన తొవ్వ. ఒక్క మీటరు తక్కువైతే నన్నడుగు.” ఆ మనిషి ఎంతో గౌరవంగా రాసుకున్నాడు. చాయ్ పైసలు కూడా తనే ఇచ్చాడు.

గాడిదన్న అయ్యుండాలె అని వరండాలో తను అన్న మాట గుర్తొచ్చి పర్వతాలు చెవులు వేడెక్కాయి. సిగ్గేసింది. అంతకన్నా భయం వేసింది. బడి కలిపేస్తే కిలోమీటరున్నర రోడ్డు చుట్టి, లారీల నడుమ ఏ పిల్లా పోదు. ఈ సందులోంచే దూరుతుంది. ఈ స్లీపర్ల మీదే ఎగురుకుంటూ పోతుంది. కీమ్యాన్‌గా ఉన్నప్పుడు ఒక పొద్దున పట్టా పక్కన అతనికి ఒక టిఫిన్ డబ్బా దొరికింది, మూత ఊడకుండా. దాని పక్కనే దొరికినదాన్ని గురించి అతను ఇంట్లో కూడా ఎన్నడూ చెప్పలేదు.

విమలమ్మకు ఆ సాయంత్రమే చెప్పాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ అంతా విన్నది. రాయి ఏరి అవతల పారేసింది.

“గా మనిషి నీ పేరు రాసుకున్నడా?”

“లేదు.”

“ఎవ్వరికన్న ఎర్కనా?”

“హోటలోనికి యాది ఉండదు.”

“అయితే నోరు మూసుకో. నువ్వు జెప్పితే బాలమ్మ నిన్ను బతకనిస్తదా? పోరగాండ్ల తల్లులందరు మన ఇంటి ముంగట దుమ్మెత్తి పోస్తరు. రోడ్డు లెక్క చేతుల ఉంది గదా, అదే సూపెట్టు. బడి ఉంటది, నీ ఇజ్జత్ సుత ఉంటది.”

ఆ మాటలో తప్పు వెతికితే దొరకలేదు. అందుకే అతనికి నిద్ర పట్టలేదు.

ఆదివారం ఆరాధన ముగిసిన వెంటనే మార్త తెల్లచీరతోనే నడిచి వచ్చింది. బైబిలు సంచిలోంచి అర్జీ తీసి అరుగు మీద పరిచింది. రెండు వందల పన్నెండు సంతకాలు, వేలిముద్రలతో కలిపి. గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. చదివి వినిపించింది.

“‘సదరు ఏడు వందల ఎనభై మీటర్ల దూరం ఎవరో ఇంట్లో కూర్చుని కల్పించిన అబద్ధపు అంకె అని, అట్టి అంకెను సృష్టించిన ఉద్యోగిపై తగు చర్య తీసుకోవలెనని...’ ఎలా ఉందండీ?”

“జెర... గట్టిగున్నది టీచరమ్మా.”

“గట్టిగానే ఉండాలి. పసిపిల్లల బతుకులతో ఆటలా?” ఆమె కాగితం మడిచి, ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. “నిజం చెప్పొద్దూ, నాకు మొదట్లో ధైర్యం లేదండీ. మీరు మూడుసార్లు చక్రం కొలిచారని బాలమ్మ చెప్పాక వచ్చింది. మీ మాట మీదే నిలబడ్డాం అందరం.”

పర్వతాలు నోరు తెరిచాడు. లోపల్నుంచి విమలమ్మ గాజులు గలగలమన్నాయి. అతను మంచినీళ్లు తాగుతారా అని మాత్రం అడిగి ఊరుకున్నాడు.

సోమవారం పదకొండింటికి వరండా కిటకిటలాడింది. బాలమ్మ మాట నిలబెట్టుకుంది. ఇళ్లల్లో పాచి పనికి పోయేవాళ్లు, ఫ్యాక్టరీకి పోయేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, అందరూ ఒక పూట జీతం వదులుకుని వచ్చారు. మండల విద్యాధికారి రామ్మోహనరావు కుర్చీలో కూర్చున్నాడు. చెడ్డవాడిలా లేడు, అలసిపోయిన వాడిలా ఉన్నాడు. వెనక ఫైళ్లు పట్టుకుని నిలబడినవాణ్ని చూడగానే పర్వతాలు గోడవారకు జరిగాడు. అదే గుడ్డసంచి. పేరు నోవహు అని, బడుల వివరాలు రాసుకొచ్చే కాంట్రాక్టు ఉద్యోగి అని అధికారి పరిచయం చేశాడు.

మార్త అర్జీ చదివింది. ‘ఇంట్లో కూర్చుని కల్పించిన’ దగ్గర జనం చప్పట్లు కొట్టారు. కొలిచింది రైల్వేలో ముప్ఫై మూడేళ్లు చేసిన పర్వతాలు అంటూ చక్రం లెక్క, చుట్ల లెక్క వివరంగా చెప్పింది. అధికారి నొసలు చిట్లించి వెనక్కి తిరిగాడు.

“ఏమయ్యా, ఈ ఏడు వందల ఎనభై నువ్వు తెచ్చిందే కదా? వీళ్లేమో వెయ్యిన్ని ఆరు వందల యాభై అంటున్నారు. సగానికి సగం తేడానా! కొలిచావా అసలు?”

“స్థానికంగా విచారించి రాశాను సార్.”

“ఎవర్ని విచారించావు?”

నోవహు తలెత్తి జనం వైపు చూశాడు. అతని చూపు ఒక్కొక్క ముఖం మీంచీ జరిగి, గోడవారన ఉన్న పర్వతాలు దగ్గర ఆగింది. గుర్తుపట్టాడు, అందులో అనుమానం లేదు. ఒక్క క్షణం అలాగే చూసి, చూపు నేల మీదికి దించుకున్నాడు.

“గుర్తు లేదు సార్.”

“గుర్తు లేదా? ఇంతమంది ముందు నా పరువు తీసి గుర్తు లేదంటావా? ఫైళ్లు ఆఫీసులో అప్పజెప్పి రేపట్నుంచి ఇంట్లోనే కూర్చో. ఎలాగూ అక్కణ్నుంచే రాస్తున్నావట కదా!”

బాలమ్మ ఈల వేసినంత పని చేసింది. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. నోవహు ఫైళ్లను ఛాతీకి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు. అతని చొక్కా కాలరు లోపలి మడత చిరిగి, తిరగేసి కుట్టి ఉండటం పర్వతాలుకు కనిపించింది. ఆ కుట్టు చూశాక ఇంక నిలబడలేకపోయాడు.

“గాయన ఇంట్ల కూసుని రాయలె సారు,” అన్నాడు ముందుకు వస్తూ. “గా అంకె నేను జెప్పిన.”

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగాయి.

“చాయ్ హోటల్ల అడిగితే నేనే జెప్పిన. గాయన రాసుకున్నడు. కీమ్యాన్ చెప్పిండని నమ్మిండు. తప్పు గాయనది కాదు.”

“ఏం మాట్లాడుతున్నవన్నా!” బాలమ్మ గొంతు కీచుమంది. “నువ్వా? నువ్వే జెప్పినవా?”

రామ్మోహనరావు కుర్చీలో ముందుకు జరిగాడు. అలసట కాస్త తగ్గినట్టు కనిపించింది. “అంటే రైల్వేలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి స్వయంగా చెప్పిన అంకె. ఊరికే చెప్పరు కదా. అది తప్పా, కరెక్టా?”

అబద్ధం ఆడటానికి అదే సమయం. తప్పు సారు, నోరు జారిన అంటే సరిపోయేది. మార్త కళ్లు అదే అడుగుతున్నాయి. కానీ ఒక్క స్లీపరు కూడా తప్పు లెక్క చెప్పడం ఆ నోటికి అలవాటు లేదు.

“కరెక్టే సారు. ఒక్క మీటరు తేడా రాదు.”

“అదీ! అయితే కిలోమీటరు లోపే ఉన్నట్టు.” అధికారి ఫారం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. మార్త చేతిలోని అర్జీ మెల్లగా ఒళ్లోకి దిగింది. వెనక ఎవరో ఆడమనిషి, “సంపినవు గదరా,” అంది.

“రాయుండ్రి సారు,” అన్నాడు పర్వతాలు. “గాని తొవ్వ సుత రాయుండ్రి. గా ఏడు వందల ఎనభై రైలు పట్టాల మీద. నేను కీమ్యాన్‌ని, నా తొవ్వ గదే. నన్ను దూరమడిగితే నేను నా కాళ్లకు ఎర్కైన దూరం జెప్పిన. పిల్లల కాళ్లు నాకు యాదికి రాలె. గది నా తప్పు. ‘పిల్లలు పట్టాల మీదికెల్లి నడిచి బడికి పోవాలె’ అని మీరు రాయుండ్రి. కింద నేను దస్కతు పెడత.”

పెన్ను కాగితం మీద ఆగింది. రామ్మోహనరావు ఆ ముసలివాడి ముఖంలోకి చూశాడు. ఫారంలో దూరానికి ఒక గడి ఉంది. దారికి గడి లేదు.

“ఎక్కడుంది లైను?” అన్నాడు చివరికి.

బడి వెనక్కి తీసుకెళ్లారు. కూలిన గోడ సందు దగ్గర అందరూ నిలబడ్డారు. అధికారి తల బయటికి పెట్టి ఏదో అనబోతుండగా గూడ్సు వచ్చింది. మాట వినిపించక ఆగిపోయాడు. వ్యాగన్ వెనక వ్యాగన్, వ్యాగన్ వెనక వ్యాగన్, బొగ్గు దుమ్ము కళ్లలో కొడుతూ అది ఎంతకూ అయిపోలేదు. పర్వతాలు అలవాటుగా లెక్కపెట్టాడు, యాభై ఎనిమిది. గార్డు పెట్టె దాటిపోయాక అధికారి కళ్లు తుడుచుకుంటూ సందులోంచి వెనక్కి జరిగాడు.

అధికారి వరండాలోకి వచ్చి ఏడు వందల ఎనభై కొట్టేశాడు. పైన ‘రోడ్డు మార్గం 1650’ అని రాశాడు. “నోవహూ, ఇక్కడ నీ పొట్టిసంతకం పెట్టు,” అన్నాడు, ఇందాక అన్న మాటలు అననట్టే. “ఈ బడి లిస్టులోంచి తీసేస్తున్నాను. గోడ సంగతి రైల్వేవాళ్లకి రాస్తాను.” తర్వాత చెప్పులు వేసుకుంటూ మార్తతో, “మీ పర్వతాలుతో జాగ్రత్తండీ, గెలిపించబోయి ముంచేసేవాడే,” అని జీపెక్కాడు.

బడి గంట కొట్టారు. పిల్లలు ఎందుకో తెలియకుండానే అరుస్తూ బయటికి వచ్చారు. తల్లులు నవ్వుతున్నారు. కానీ పర్వతాలు దగ్గరికి ఎవరూ రాలేదు. బాలమ్మ అతని ముందు నుంచే వెళ్తూ, “ఇంక మీద ఎవరన్న ఏదన్న అడిగితే నోట్ల బెల్లమేసుకో,” అంది. తిట్టో, క్షమించడమో అర్థం కాని గొంతుతో. అతనికి రెండూ కావలసే ఉన్నాయి.

నోవహు జీపు వెంట పోలేదు. ఫైళ్లు సంచిలో సర్దుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు.

“నా దిక్కు సూసి సుత, యాది లేదంటివేంది తమ్మీ?” అన్నాడు పర్వతాలు.

“మీరు చెప్పింది తప్పయితే కదన్నా మీ పేరు చెప్పేది. ఏ దారి అని అడగాల్సింది నేను. అడగలేదు.” నోవహు సంచి తాడు సరిచేసుకున్నాడు. వెళ్తాడనుకుంటే వెళ్లలేదు. “అన్నా, నా లిస్టులో లైను పక్కన బడులు ఇంకో నాలుగున్నాయి.”

“అయితే?”

“మీరు అంత పక్కాగా చెప్పేసరికి, మామూలు మనుషుల్ని అడగడం మానేశాను. ఎక్కడికెళ్లినా రైల్వేవాళ్లనే వెతికి పట్టుకుని అడిగాను. గేటుమ్యాన్‌లని, గ్యాంగ్‌మ్యాన్‌లని. వాళ్ల లెక్క తప్పదు కదా అని.”

మార్త అప్పుడే మెట్లు దిగుతూ ఆ మాట విని ఆగింది.

“గా బస్తీలోళ్లు అర్జీలు పెట్టుకున్నరా?” అన్నాడు పర్వతాలు.

“ఒక్కరూ పెట్టలేదు. వాళ్లకి ఇంకా తెలియదు కూడా. బుధవారం ఆర్డర్లు సంతకానికి వెళ్తాయి.”

“మొదటిది యాడ?”

“నేరేడ్‌మెట్ వైపు. ఆరు వందల అరవై మీటర్లు అని రాసుకున్నాను.”

పర్వతాలు పెదవులు కదిలాయి. ఆరు వందల అరవై. సరిగ్గా పదకొండు వందల స్లీపర్లు. అంత పక్కా లెక్క చెప్పే మనిషి ఆ వైపు ఒక్కడే ఉన్నాడు, గ్యాంగ్‌మ్యాన్ రాములు. ఇద్దరూ ఒకే నెలలో రిటైరయ్యారు. రాములు కూడా చాయ్ సాసరు కింద పెట్టి, గొంతు సవరించుకుని, పదిమంది వినేలా చెప్పి ఉంటాడు. ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ ఉంటాడు, తను ఏం చేశాడో తెలియకుండా.

మార్త అర్జీ సంచి భుజానికి తగిలించుకుంది. “ఆయన పేరేమిటండీ?”

“రాములు. ఎన్నడు ఒక్క మాట పడ్డోడు కాదు టీచరమ్మా. నేను జెప్పితేనే ఇంటడు,” అన్నాడు పర్వతాలు. “మీరు జెర ఎనక నిలబడుండ్రి. ఇనంగనే ఏడుస్తడు.”

ముగ్గురూ బస్సు స్టాపు వైపు నడిచారు.